కాడితో కొలిచిన ట్రాక్టర్

నా చిన్నప్పుడు, బెంగళూరు పక్క హొసకోటె దాటగానే గోడౌన్లు కాక ద్రాక్ష పందిళ్లు కనిపించే రోజుల్లో, మా తాత ఒక చిన్న ట్రాక్టర్ కొనాలని పట్టుబట్టాడు. మాకున్నది మూడెకరాల నల్లద్రాక్ష తోట. ఆ చుట్టుపక్కల ట్రాక్టర్ అంటే రాగి చేలవాళ్లకూ ఇటుక బట్టీలవాళ్లకూ ఉండేది గానీ, పందిరి కింద ట్రాక్టర్ దూర్చిన మొనగాడు ఇంకా ఎవడూ లేడు. ఆ మొదటివాడు తానే కావాలని మా తాత పంతం. ఆయనకు ఏదైనా కావాలనిపించిందంటే ఇంట్లో పిల్లికి కూడా వేరే పని ఉండకూడదు.

మా తాతను గురించి మంచి మాటలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆయన పోయినప్పుడు మూడు ఊళ్ల జనం వచ్చారు, ముగ్గురు మనుషులు పూనకం వచ్చినట్టు ఏడ్చారు. నేను చెప్పబోయేది ఆ మూడు ఊళ్లలో ఎవరూ చెప్పనిది. నాకు అరవై దాటి చాలా కాలమైంది. ఇంకా ఎవరికి భయపడాలి, ఎందుకు భయపడాలి?

మా తోటలో దున్నేది ఒకే మనిషి. మా వైపు నాగలిని మడక అంటారు. అందుకని ఆయనను ఊరంతా మడకోడు అనేవాళ్లు, నేను మడక మామ అనేదాన్ని. పొట్టి మనిషి. నోట్లో నాలుక లేనివాడు. నేను పుట్టకముందు నుంచి మా ఎద్దుల జతను కట్టి, పందిరి కింద వంగి వంగి దున్నేవాడు. ఏడాదికి ఇన్ని మూటల రాగులు, రెండు జతల బట్టలు, ద్రాక్ష కోతప్పుడు ఒక గంప పళ్లు, అదే ఆయన జీతం, అదే ఆయన సంసారం. ట్రాక్టర్ వస్తే ఎద్దులు పోతాయి. ఎద్దులు పోతే ఆయన పని పోతుంది. తొమ్మిదేళ్ల పిల్లను, నాకే ఆ సంగతి తెలిసిందంటే ఆయనకు తెలియకుండా ఉంటుందా?

మొదట వచ్చిన ట్రాక్టర్ మా చిన్నాయన ముచ్చటపడి రప్పించింది. చిన్నాయన అంటే మా తాత చిన్న కొడుకు. ఇరవై ఏళ్లవాడు, తాటిచెట్టంత పొడుగు, తల దువ్వుకోవడం తప్ప ఇంకో పని చేసినట్టు నేనెప్పుడూ చూడలేదు. కొనేముందు నడిపి చూసుకోమని బెంగళూరు నుంచి అమ్మేవాళ్లు దాన్ని లారీ మీద తెచ్చి దించారు. ఎర్రగా, పెద్దగా, ముందు పొగగొట్టం నిలువుగా పైకి లేచి, పెళ్లికొడుకులా ఉంది. మడక మామ దాన్ని ఒకసారి చుట్టూ తిరిగి చూసి, వెళ్లి ఎద్దులకు నీళ్లు పెట్టుకున్నాడు.

చిన్నాయన దాన్ని పందిరి కిందికి తోలించాడు. పది బారలు పోయేసరికి పొగగొట్టం ఇనుప కంబీకి తగిలింది. కంబీ మీద పాకిన లేత చిగుళ్లన్నీ వేడికి వాడిపోయి నల్లబడ్డాయి. అయినా ఆపకుండా ఇంకాస్త పోనిచ్చారు, వెనక చక్రం రాతికంబాన్ని ఒరుసుకుంది. మా పందిళ్లు నిలబడేది రాతికంబాల మీద. ఒక్క కంబం పక్కకు ఒరిగితే కంబీలన్నీ సడలి, కాయ బరువుకు సాలు సాలంతా కూలుతుంది. మా తాత కేక పెట్టాడు. కంగారులో డ్రైవరు దాన్ని కాలువ పక్క సాల్లోకి తిప్పాడు. అది ఊట నేల, పైకి ఆరినట్టు కనిపిస్తుంది గానీ కింద బురద. ట్రాక్టర్ ఇరుసు దాకా కూరుకుపోయింది. దాన్ని బయటికి లాగడానికి చివరికి మడక మామనూ ఎద్దులనూ పిలవాల్సి వచ్చింది. చిన్నాయన ముఖం చూడాలి ఆ పూట. ఎద్దులు లాగిన ట్రాక్టర్ అని ఊళ్లో వారం రోజులు నవ్వుకున్నారు.

ఆ నవ్వు మా తాతకు ముల్లులా గుచ్చుకుంది. తనకు తెలియనిది ఏదో ఉందని ఆయనకు అర్థమైంది, అది ఎవరికి తెలుసో కూడా అర్థమైంది. ఏ సాలు ఎంత ఇరుకో, ఎక్కడ ఊట ఉందో, మన్ను కింద ఏ రాతిగుండు ఎక్కడ పడుకుని ఉందో, బావి పక్కన తిప్పుకునే జాగా ఎంతో, ఆ నేల మొత్తం మడక మామ కాళ్లలో ఉంది. తాత రెండు మూడు సార్లు అడిగాడు. మడక మామ తల గోక్కుని, నాకేం తెల్సు సామీ, అని జారుకున్నాడు. తెలివితక్కువవాడా ఏమిటి? తన గొయ్యి తానే తవ్వుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు?

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. మా తాత ఈ సామెతకే పుట్టాడు. మామూలు రోజుల్లో మడక మామను ఏంరా, ఒరే, అనేవాడు. ఆ రోజు మధ్యాహ్నం కాలువ గట్టు మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి తమలపాకు తీసి తానే సున్నం రాసి ఇచ్చి, అప్పా అని పిలిచాడు. నేను ఆ పక్కనే కాళ్లు నీళ్లలో వేసుకుని కూర్చుని ఉన్నాను. ఇంకో మనిషి లేడు.

“చూడప్పా, నా కొడుకు ఎత్తు నీకు తెల్సు గదా. వాడు కూర్చుంటే కంబీ గొంతుకు తగులుతాది. ఏ ట్రాక్టర్ వచ్చినా దాని మీద కూర్చునేది నువ్వే. జీతం అట్లే ఉంటాది. నువ్వు ఉన్నంత కాలం స్టీరింగు నీది.”

“నిజమేనా సామీ?”

“నా మాట చాలదా నీకు?”

మడక మామ నా వైపు చూసి నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చూసింది తక్కువ. “పాప ఇన్నింది గదా సామీ. అది సాలు నాకు,” అన్నాడు.

ఆ మాటకు అర్థం ఇప్పటివాళ్లకు చెప్పాలి. మా పక్క పల్లెల్లో గట్టు తగాదా వచ్చినా, కాలువ నీళ్ల తగాదా వచ్చినా, ఎవరు ఏమన్నారో తేలకపోతే, అక్కడ ఉన్న, ఇంకా ఈడేరని ఆడపిల్లను పిలిచేవాళ్లు. కాళ్లు కడిగి, తూర్పు ముఖంగా నిలబెట్టి అడిగేవాళ్లు. ఆ పిల్ల ఔనంటే ఔను, కాదంటే కాదు. కాగితమూ వేలిముద్రా దాని ముందు బలాదూర్. ఆడబిడ్డ నోట అబద్ధం రాదని అందరికీ నమ్మకం. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లకు ఆడబిడ్డలు లేరని నా అనుమానం.

మర్నాటి నుంచి మడక మామ మారిపోయాడు. అడగకపోయినా చెప్పడం మొదలుపెట్టాడు. మా పందిరి వేసినప్పుడు సాళ్లను టేపుతో కొలవలేదట, కాడితో కొలిచారట. కాడి అంటే రెండెద్దుల మెడల మీద వేసే దూలం. కాడి పొడవుకు అటు మూర, ఇటు మూర, అంతే సాలు వెడల్పు. కాబట్టి వెనక చక్రాలు కాడి దాటి బయటికి రాని ట్రాక్టరే ఈ తోటలోకి రావాలి, అన్నాడు. పొగగొట్టం పైకి ఉండకూడదు, కిందికో పక్కకో ఉండాలి. బరువు తక్కువ ఉండాలి, లేకపోతే ఊట నేల మింగుతుంది. బావి పక్కన ఎద్దులు తిరిగే జాగాలో అదీ తిరగాలి, ఒక్కసారి తిప్పితే తిరగాలి, వెనక్కీ ముందుకీ ఆడితే చక్రం బావిలో ఉంటుంది. ఎంత బలమో చివరికి చూసుకోవచ్చు సామీ, దూరేది ముందు చూసుకోవల్ల, అన్నాడు. మా తాత ఊ కొడుతూ విన్నాడు. ఇంత తెలిసినవాడిని ఇన్నాళ్లూ ఒరే అన్నానే అని ఆయనకు అనిపించలేదు. అనిపించి ఉంటే నేను ఇది రాయక్కర్లేదు.

ఆ తర్వాత మూడు ట్రాక్టర్లు చూశాం. తాత, మడక మామ, నేను. చిన్నాయనకు అలక, రాలేదు. మడక మామ భుజం మీద కాడి పెట్టుకుని వచ్చేవాడు. హొసకోటెలో అమ్మేవాళ్ల షెడ్డులో అందరూ మమ్మల్ని వింతగా చూశారు. ఈయన ట్రాక్టర్ వెనక్కి పోయి, కాడిని అడ్డంగా పట్టి, చక్రాల అంచులకు ఆనించి చూసేవాడు. మొదటిదానికి చక్రాలు జానెడు బయటికి వచ్చాయి. రెండోది సరిపోయింది, కానీ సీటు ఎత్తు. ఎక్కి కూర్చుని తల మీద చెయ్యి పెట్టి, ఇంత ఎత్తులో ఉంటాది కంబీ, తగుల్తాది, అన్నాడు. మూడోది చిన్నది, బూడిద రంగుది. దాన్ని చూస్తే ట్రాక్టర్ పిల్ల అనిపించింది నాకు. కాడి చివర్లు రెండు వైపులా బెత్తెడు మిగిలాయి. పొగగొట్టం పొట్ట కింద నుంచి వెనక్కి పోయింది. అమ్మేవాడు ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కి దాన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పి చూపించాడు. మడక మామ కూర్చుని, దిగి, మళ్లీ కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టి, తీసి పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టి మళ్లీ తుడుచుకున్నాడు.

“ఇదే సామీ,” అన్నాడు. “ఇది మన తోట కోసమే పుట్టినట్టుండాది.”

ఇంత వరకు చెప్పి ఆపితే ఇది మంచి కథ. పెద్దల తెలివిని గౌరవించాలి అని చివర నీతి కూడా పెట్టుకోవచ్చు. కానీ జరిగింది అది కాదు.

ట్రాక్టర్ ఇంటికి రావడానికి పది పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో మా తాత మడక మామ చేత మూడు పనులు చేయించాడు. ఒకటి, మన్ను కింద ఉన్న గుండ్లన్నిటి మీదా సున్నంతో గుర్తు పెట్టించాడు. ఆయన సున్నం బక్కెట్టు పట్టుకుని, సాలు సాలూ తిరిగి, ఇక్కడొకటి, అక్కడొకటి అని పోస్తూ పోయాడు. రెండు రోజుల్లో తోటంతా తెల్లని చుక్కలు. ఆయన తలలో ఉన్నదంతా నేల మీదికి వచ్చేసింది, ఇక ఎవడైనా చూసి తోలుకోవచ్చు. రెండు, ఊట ఉన్న రెండు సాళ్లలో ఇసుక తోలించాడు. మూడోది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఎద్దులను సంతకు పంపాడు. అవి కొత్త మనిషి వెంట నడవవని మడక మామనే తోలుకుపొమ్మన్నాడు. పొద్దున పోయిన మనిషి సాయంత్రం ఒక్కడే వచ్చి, పశువుల కొట్టంలోకి పోయి, ఎద్దులు మేసే గాటికి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. మా అవ్వ అన్నం పెడితే వద్దన్నాడు.

అయినా ఆయనకు ఆశ ఉంది. హొసకోటెలో ఇటుక బట్టీ ట్రాక్టర్ నడిపే ఒకతన్ని పట్టుకుని, పనయ్యాక రోజూ అంత దూరం నడిచిపోయి, క్లచ్చూ గేరూ నేర్చుకున్నాడు. గురుదక్షిణగా ఇంట్లో ఉన్న ఒక్క గుడ్లకోడినీ ఇచ్చేశాడని తర్వాత ఆయన భార్యే మా అవ్వతో చెప్పుకుని ఏడ్చింది. నాకు కూడా చూపించాడు ఒకరోజు. గట్టు మీద కూర్చుని, ఎడమ కాలు ఇట్ల తొక్కల్ల పాపా, గేరు ఏసి మెల్లిగా వదలల్ల, అని గాల్లో తొక్కి చూపించాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వాడు.

పూజ రోజు మా వాకిట్లో యాభై మంది దాకా ఉన్నారు. ట్రాక్టర్‌కు బంతిపూల దండలు, పసుపు, కుంకుమ. మడక మామ క్షౌరం చేయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని, భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమని తాత ఆయనకే ఇచ్చాడు. ఆయన ఒంగి నాలుగు చక్రాల కిందా నాలుగు పెట్టి, లేచి, చేతులు కడుక్కుని, సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తాత తాళంచెవి చిన్నాయన చేతికి ఇచ్చాడు. ముందు ఇంటిబిడ్డ ఎక్కి దించడం ఆచారం అనుకున్నాడేమో పాపం, మడక మామ ఇంకా అక్కడే నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

“నువ్వు రేపట్నుంచి రాపన్లేదు లేరా,” అన్నాడు తాత, తాంబూలం పళ్లెం సర్దుతూ. “ఈ ఏడాది రాగులు పూర్తిగా తీసుకుపో, తక్కువ చెయ్యను.”

ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారే, అది నేను కళ్లారా చూశాను.

మడక మామ మొదట తాత ఎవరితోనో అంటున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత, “సామీ, మీరు మాటిచ్చినారు గదా, స్టీరింగు నాదని,” అన్నాడు, చాలా మెల్లిగా. తాత నవ్వాడు. ఎవరికిచ్చాను, ఎప్పుడిచ్చాను అన్నాడు. కొడుకును పెట్టుకుని జీతగానికి ఇంజను అప్పజెప్పేంత పిచ్చి నాకుండాదా అప్పా, మీరే చెప్పండి, అని జనం వైపు తిరిగాడు. జనం కూడా నవ్వారు. మడక మామ నవ్వలేదు. “పాప ఉండె సామీ, ఆ పొద్దు. పాప ఇన్నింది,” అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. పక్క తోట పెద్దాయన ఒకాయన, సాక్షి ఉందంటే అడగాల్సిందే, అన్నాడు. మా తాత ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. చెంబుతో నీళ్లు తెప్పించి, తానే గొంతుక్కూర్చుని నా కాళ్లు కడిగాడు. నా వేళ్ల సందుల్లో కూడా ఎంతో ఓపికగా కడిగాడు. కన్నెర్ర చేయలేదు. తలెత్తి నన్ను చూసి, ఆ తర్వాత ట్రాక్టర్ చక్రం మీది రేకు వైపు చూశాడు. ఆ రేకు మీద కూర్చుని ఊరంతా తిరిగే మొదటి సవారి నాదని ఆయన ఆ పొద్దున్నే చెప్పి ఉన్నాడు. మా మేనత్త పిల్లలు, వీధిలో పిల్లలు, అందరూ దానికోసం నన్ను చూసి కుళ్లుకుంటున్నారు.

“చెప్పు పాపా. నేను వీనికి అట్ల మాటిచ్చినానా?”

పసిపిల్ల, భయపడి ఉంటుంది అనుకుంటారు మీరు. ఈ సంగతి తలచుకుని నాకు నేను చెప్పుకున్న సర్దుబాటు కూడా చాలా ఏళ్లు అదే. అది అబద్ధం. నాకు భయం లేదు. మా తాత నన్ను ఏనాడూ కొట్టలేదు, ఆ రోజు కూడా కొట్టేవాడు కాదు. నాకు ఆ రేకు మీద కూర్చోవాలని ఉంది. అంతే. ఔనంటే పూజ చెడుతుంది, గొడవ అవుతుంది, సవారి ఉండదు. మడక మామ ముఖం చూశాను. ఆయన నన్ను తొందరపెట్టడం లేదు. నేనేం చెబుతానో ఆయనకు తెలుసు కాబట్టి నిశ్చింతగా ఉన్నాడు.

“లేదు తాతా,” అన్నాను.

మడక మామ కోపగించుకుని ఉంటే, పాపిష్టిదానా అని ఉంటే, ఈ పాటికి నేను మరిచిపోయి ఉండేదాన్నేమో. ఆయన ముఖం కొంచెం కొంచెంగా మారింది. కోపంలోకి కాదు, సిగ్గులోకి. “పాప లేదనిందంటే లేదే సామీ,” అన్నాడు. “ఆశపడి నేనే అట్ల అనుకుంటినేమో. తప్పైపోయింది.” అందరి ముందూ మా తాత కాళ్లకు మొక్కాడు. లేచి, నా వైపు తిరిగి, పాపా, నిన్ను ఇంతమందిలో నిలబెడితి, మనసులో పెట్టుకోవద్దు, అని నాకూ చేతులు జోడించాడు. తన చెవులను కాదని, తన కళ్లను కాదని, నన్ను నమ్మాడు.

ఆయన భార్య నమ్మలేదు. నా దగ్గరికి వచ్చి, నీ నోట్లో మన్ను పడ, అంది. ఆడపిల్లను అట్ల అంటావా అని మడక మామ ఆవిడను రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. కూతురు వాళ్ల వెనక వెనకే పోయింది. చిన్నాయన ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. నిమ్మకాయలు చితికాయి. నేను రేకు మీద కూర్చున్నాను. ఊరంతా తిరిగాం, పిల్లలు కేరింతలు కొడుతూ వెనక పరిగెత్తారు. నాకు సంతోషంగా ఉండింది. సిగ్గు లేకుండా అదీ చెబుతున్నాను. చాలా సంతోషంగా ఉండింది.

ఆ సాయంత్రం తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉడకబెట్టిన శనక్కాయలు ఒలిచి పెట్టాడు. మాట ఇచ్చేవానిది కాదు పాపా, విన్నోళ్లది, అన్నాడు. విన్నోళ్లు మనవాళ్లయితే ఎన్ని మాటలైనా ఇయ్యొచ్చు. నువ్వు నా మనవరాలివి, అని తల నిమిరాడు. మా నాన్న బెంగళూరులో మిల్లు ఉద్యోగం చేస్తూ వారానికి ఒకసారి వచ్చేవాడు. ఆయనకు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మా అవ్వకు చెప్పాను. ఆవిడ రాగులు విసురుతున్నది కాస్తా ఆపి, సుమ్మనుండు, అంది. నోరు మూసుకో అని. మళ్లీ విసరసాగింది. ఆవిడకు ముందే తెలుసు.

ట్రాక్టర్ మాత్రం బంగారం. మడక మామ చెప్పినట్టే ప్రతి సాల్లోనూ దూరింది, బావి పక్కన ఒక్క తిప్పులో తిరిగింది, ఊట సాళ్లలో దిగబడలేదు. చిన్నాయన తల మాత్రం నిజంగానే కంబీకి తగిలేది. మెడ వంచుకుని వంచుకుని తోలి, ఆయనకు నలభై ఏళ్లకే మెడ పట్టేసింది. నాకు జాలి కలగలేదు. పందిరిలోకి దూరే ట్రాక్టర్ చూడాలంటే మా తోటకు పోవాలి అని నాలుగు ఊళ్ల రైతులు వచ్చేవాళ్లు. ఎట్ల ఎంచినావప్పా అని అడిగితే, కాడితో కొలిచినాను, అనేవాడు మా తాత. వాళ్లు ఆహా అనేవాళ్లు.

మడక మామ ఆ నెలలోనే బెంగళూరు వైపు పోయాడు. అక్కడ కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీ తోటలో గడ్డి కోయడానికి కుదిరాడని విన్నాం. మట్టిని దున్నిన మనిషి ఏ పశువూ తినని, ఎవరూ మేపని పచ్చగడ్డిని కత్తిరిస్తూ బతికాడు. మళ్లీ చూసింది నా పెళ్లిలో. ఎవరు చెప్పారో, టెంకాయా రవిక గుడ్డా పట్టుకుని వచ్చాడు. జుట్టు తెల్లబడింది. అన్నం తింటూ మా అత్తగారివైపు వాళ్లతో చెబుతున్నాడు, “మీరు అదృష్టవంతులు సామీ. ఈ పాప నోట అబద్ధం రాదు. ఈ మాట చెప్పేదానికి నాకంటే హక్కు ఎవరికుండాది?” నేను మెడలో దండతో పది అడుగుల దూరంలో ఉన్నాను. లేచి పోయి చెప్పొచ్చు. ముహూర్తం అయిపోయింది, తాళి పడింది, ఇంక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. అయినా కదలలేదు. ఆయన చేయి కడుక్కుని, నన్ను ఆశీర్వదించి, బస్సు వేళైందని వెళ్లిపోయాడు. మూడు నాలుగేళ్లకు పోయాడని తెలిసింది.

మొన్న మా అల్లుడు ఇంటికి వచ్చి ఫోను తెరిచి కూర్చున్నాడు. బెంగళూరు హూడిలో కంప్యూటర్ ఉద్యోగం, గుంటూరువైపు అబ్బాయి, మంచివాడు. హొసకోటె అవతల ఎకరన్నర కొన్నాడు, జామా నిమ్మా పెట్టాడు, ఇప్పుడొక మినీ ట్రాక్టర్ కావాలట. హార్స్‌పవర్ ఎంత, వారంటీ ఎంత, జనం ఎన్ని స్టార్లిచ్చారు, అన్నీ పట్టీ వేసుకున్నాడు. నాకు విసుగొచ్చింది. అవన్నీ తర్వాత చూద్దువు గానీ నాయనా, అన్నాను. నీ సాళ్ల మధ్య ఎడం ఎంత? చివర తిప్పుకోవడానికి ఎంత జాగా వదిలావు? వాన పడిన మూడో రోజు ఎక్కడ కాలు దిగుతుందో చూసుకున్నావా? కొమ్మలు నీ తలకు తగులుతాయా, పొగగొట్టం కొమ్మలకు తగులుతుందా? బలం చివరికి చూసుకోవచ్చు, దూరేది ముందు చూసుకోవాలి.

“అత్తయ్యగారూ, మీకు ఇదంతా ఎలా తెలుసండీ?” అన్నాడు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. “ఎవరు నేర్పారు?”

“మా తాత,” అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. అడగడం ఆలస్యం, నోట్లోంచి వచ్చేసింది. ఈసారి నాకు ఏ సవారీ ఇస్తామని ఎవరూ అనలేదు. కాళ్లు ఎవరూ కడగలేదు. అల్లుడు, మీ తాతగారు గ్రేట్ అండీ, అని ఫోనులో అన్నీ రాసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను, నా మీద నాకే అసహ్యం వేసింది. తొమ్మిదేళ్లప్పుడు తాత నేర్పిన పాఠం ఎంత బాగా వంటబట్టిందో ఆ పూట తెలిసింది.

అల్లుడికి మళ్లీ ఫోను చేసి చెప్పవచ్చు. చెబుతాను కూడా. కానీ నేను జవాబు బాకీ ఉన్నది అతనికి కాదు. బాకీ ఉన్నది మడక మామ ఒక్కడికే, ఆయన ఇప్పుడు లేడు. ఉన్నంత కాలం తనదే తప్పనుకుని బతికాడు, అలాగే పోయాడు. అందుకని ఆ రోజు వాకిట్లో యాభై మంది ముందు చెప్పాల్సిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ఇచ్చాడు మడక మామా. మా తాత నీకు మాటిచ్చాడు. నేను విన్నాను.